సూపర్‌ఛార్జర్, టర్బోఛార్జర్: ఎక్కించే గాలి ఒక్కటే, ఖర్చు ఎక్కడిది?

కారు కొనడానికి షోరూంకి వెళ్లినవాళ్లకు ఈమధ్య ఒక విచిత్రమైన లెక్క ఎదురవుతోంది. హ్యుందాయ్ వెన్యూనే తీసుకోండి. 1.2 లీటర్ల మామూలు పెట్రోల్ ఇంజిన్ శక్తి 83 హార్స్‌పవర్. దానికన్నా చిన్నదైన 1.0 లీటర్ టర్బో ఇంజిన్ శక్తి 120 హార్స్‌పవర్. చక్రాలను తిప్పే బలం, అంటే టార్క్, మొదటిదానికి 114 న్యూటన్‌మీటర్లు ఉంటే రెండోదానికి 172. ఇంజిన్ చిన్నదయ్యింది, శక్తి పెరిగింది, ధర కూడా పెరిగింది. 1.5 లీటర్ల హోండా సిటీ ఇంజిన్ ఇచ్చే 121 హార్స్‌పవర్‌కి, ఒక లీటర్ ఇంజిన్ దాదాపు సమానంగా నిలబడుతోంది.

ఈ తేడాకు కారణం ఇంజిన్ పక్కన బిగించిన, అరచేతిలో పట్టేంత చక్రాలున్న ఒక చిన్న యంత్రం. దాని పేరు టర్బోఛార్జర్. ఇదే పని చేసే మరో యంత్రం దీనికంటే ముందే పుట్టింది. దాని పేరు సూపర్‌ఛార్జర్. రెండూ ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో ఎక్కించేవే. అయితే ఆ పని చేయడానికి కావలసిన బలాన్ని ఒకటి ఇంజిన్ నుంచే తీసుకుంటుంది, మరొకటి ఇంజిన్ బయటికి వదిలేసే వేడి పొగ నుంచి తీసుకుంటుంది. మైలేజీ, ధర, తొక్కగానే దూసుకుపోయే గుణం, మరమ్మతు ఖర్చు.. రెండింటి మధ్య కనిపించే తేడాలన్నీ దాదాపుగా ఈ ఒక్క విషయం నుంచే వస్తాయి.

ఇంజిన్‌కి గాలి ఎందుకు తక్కువవుతుంది?

కట్టెల పొయ్యి మందగించినప్పుడు ఊదుగొట్టంతో ఊదితే మంట లేస్తుంది. కొలిమికి తిత్తి ఎందుకో కమ్మరికి తెలుసు. ఇంజిన్ సంగతీ అంతే. ఒక గ్రాము పెట్రోల్ సరిగ్గా మండాలంటే సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. పెట్రోల్‌ను ఎంతైనా చిమ్మించవచ్చు, అది తేలిక. దానికి తగ్గ గాలిని సిలిండర్‌లో పట్టించడమే కష్టం.

మామూలు ఇంజిన్‌లో పిస్టన్ కిందికి దిగినప్పుడు ఏర్పడే ఖాళీలోకి బయటి గాలి తనంతట తాను వస్తుంది. బయట వాతావరణ పీడనం ఎంత ఉంటే అంతే. దానికి మించి రాదు. ఎక్కువ గాలి కావాలంటే ఒక దారి సిలిండర్లను పెద్దవి చేయడం లేదా వాటి సంఖ్య పెంచడం. అప్పుడు ఇంజిన్ బరువు, రాపిడి, ఇంధన ఖర్చు అన్నీ పెరుగుతాయి. రెండో దారి అదే సిలిండర్‌లోకి గాలిని కుదించి ఎక్కించడం. బయటి గాలికి దాదాపు ఒకటిన్నర రెట్ల పీడనంతో పంపితే, ఒక లీటర్ ఇంజిన్ సుమారుగా లీటరున్నర ఇంజిన్‌లా ఊపిరి తీసుకుంటుంది.

సూపర్‌ఛార్జర్: ఇంజిన్ తన బలంతో తానే తిప్పుకునేది

సూపర్‌ఛార్జర్ ఒక గాలి పంపు. ఇంజిన్ క్రాంక్‌షాఫ్ట్‌కి బెల్టుతోనో, గేర్లతోనో దాన్ని కలుపుతారు. ఇంజిన్ తిరిగితే అదీ తిరుగుతుంది. ఇంజిన్ వేగం రెట్టింపయితే పంపు వేగమూ రెట్టింపవుతుంది.

దీని మూలాలు నిజంగానే కొలిమి దగ్గరే ఉన్నాయి. అమెరికాలోని ఇండియానాకు చెందిన రూట్స్ సోదరులు 1860లో పేటెంట్ పొందిన బ్లోయర్ మొదట్లో ఫౌండ్రీలకు, గనులకు గాలి కొట్టడానికి వాడుకలోకి వచ్చింది. ఒకదానిలో ఒకటి ఇమిడి తిరిగే రెండు రోటర్లు గాలిని ఒక వైపు నుంచి మరో వైపుకు నెడతాయి. తర్వాత అదే నమూనా కార్ల ఇంజిన్‌లకు ఎక్కింది. 1921 బెర్లిన్ మోటార్ షోలో మెర్సిడెస్ సూపర్‌ఛార్జర్ కార్లను చూపించింది. జర్మన్‌లో దాన్ని కంప్రెసర్ అంటారు. 2000ల్లో మన రోడ్ల మీద తిరిగిన కొన్ని మెర్సిడెస్ కార్ల వెనుక కనిపించిన ‘కంప్రెసర్’ అనే అక్షరాలకు అర్థం అదే.

సూపర్‌ఛార్జర్లలో ఇప్పుడు ప్రధానంగా మూడు రకాలున్నాయి. రూట్స్ రకం గాలిని ఇంజిన్‌లోకి నెడుతుంది, కుదింపు ఆ తర్వాత జరుగుతుంది. జంట మరల రకంలో గాలి రెండు మరల మధ్యే కుదించుకుపోతుంది. సెంట్రిఫ్యూగల్ రకంలో వేగంగా తిరిగే చక్రం గాలిని అంచుకు విసిరి పీడనం పెంచుతుంది. మొదటి రెండూ తక్కువ వేగంలోనే బలాన్నిస్తాయి. మూడోది ఇంజిన్ వేగం పెరిగే కొద్దీ పుంజుకుంటుంది. 2015లో మన దేశంలోకి వచ్చిన కవాసాకి నింజా హెచ్2 మోటార్‌సైకిల్‌లో ఉన్నది ఈ మూడో రకమే.

సూపర్‌ఛార్జర్‌తో ఉన్న పెద్ద సుఖం తక్షణ స్పందన. యాక్సిలరేటర్ తొక్కిన క్షణంలోనే బలం అందుతుంది, ఎందుకంటే పంపు ఇంజిన్‌తో పాటు అప్పటికే తిరుగుతూ ఉంటుంది. కష్టం కూడా అందులోనే ఉంది. పంపును తిప్పే బలమంతా ఇంజిన్ సంపాదనలోంచే పోతుంది. 707 హార్స్‌పవర్ ఇచ్చే అమెరికన్ కారు డాడ్జ్ ఛాలెంజర్ హెల్‌క్యాట్‌లో, గరిష్ఠ వేగం దగ్గర సూపర్‌ఛార్జర్‌ను తిప్పడానికే సుమారు 80 హార్స్‌పవర్ ఖర్చవుతుందని చెబుతారు. మన దగ్గర ఒక చిన్న కారు మొత్తం శక్తి అంత. పంపు తినేదానికన్నా ఎక్కువే ఇస్తుంది కాబట్టి చివరికి లాభమే. కానీ ఆ లాభానికి పెట్రోల్ రూపంలో వడ్డీ కట్టాల్సిందే.

టర్బోఛార్జర్: వృథాగా పోయే వేడితో తిరిగేది

ఇంజిన్‌లో మండిన ఇంధనం శక్తిలో దాదాపు మూడో వంతే చక్రాల దాకా వెళ్లే పనికి వస్తుంది. ఇంకో మూడో వంతు రేడియేటర్ ద్వారా, ఇంజిన్ గోడల ద్వారా పోతుంది. మిగిలినది వేడి పొగగా సైలెన్సర్‌లోంచి బయటికి పోతుంది. ఆ పొగ దారిలో ఒక చక్రం పెడితే?

స్విట్జర్లాండ్ ఇంజినీర్ ఆల్ఫ్రెడ్ బూషి ఈ ఆలోచనకు 1905లో పేటెంట్ తీసుకున్నారు. టర్బోలో ఒకే ఇరుసుకు రెండు చివర్లా రెండు చక్రాలుంటాయి. ఒకటి టర్బైన్, పొగ దారిలో ఉంటుంది. రెండోది కంప్రెసర్, ఇంజిన్ పీల్చే గాలి దారిలో ఉంటుంది. బయటికి పోయే పొగ టర్బైన్‌ను తిప్పితే, అవతలి చివరనున్న కంప్రెసర్ తాజా గాలిని కుదించి లోపలికి పంపుతుంది. క్రాంక్‌షాఫ్ట్‌తో దానికి బెల్టు లేదు, గేరు లేదు.

దీన్ని ఉచిత శక్తి అనడం మాత్రం పూర్తి నిజం కాదు. పొగ దారిలో చక్రం అడ్డుపడుతుంది కాబట్టి పొగను బయటికి నెట్టడానికి పిస్టన్లు కొంచెం ఎక్కువ శ్రమ పడాలి. అయినా బెల్టుతో పంపును తిప్పడంతో పోలిస్తే ఆ నష్టం బాగా తక్కువ. అందుకే ఇంధన పొదుపు లెక్కలో టర్బోదే పైచేయి.

నిజానికి టర్బో కూడా సూపర్‌ఛార్జర్ కుటుంబానికి చెందినదే. మొదట్లో దాన్ని ‘టర్బోసూపర్‌ఛార్జర్’ అనేవారు. పేరు వాడుకలో కురచయ్యాక రెండూ వేర్వేరు జాతులన్న భావన స్థిరపడింది.

కొండ మీద తేలిన లెక్క

ఈ రెండింటినీ ముందుకు తోసింది కార్ల కన్నా విమానాలే. ఎత్తుకు వెళ్లే కొద్దీ గాలి పలచబడుతుంది, ఇంజిన్ నీరసిస్తుంది. 1918లో జనరల్ ఎలక్ట్రిక్ ఇంజినీర్ శాన్‌ఫోర్డ్ మాస్ ఒక లిబర్టీ విమాన ఇంజిన్‌ను అమెరికాలోని పైక్స్ పీక్ అనే 14 వేల అడుగుల కొండ మీదికి చేర్చారు. కింద 350 హార్స్‌పవర్ ఇచ్చిన ఇంజిన్ అక్కడ 230కి పడిపోయింది. టర్బో బిగించాక 356కి చేరింది. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ స్పిట్‌ఫైర్ విమానాల మెర్లిన్ ఇంజిన్ గేర్లతో తిరిగే సూపర్‌ఛార్జర్‌ను నమ్ముకుంటే, అమెరికా బీ-17 బాంబర్లు టర్బోలతో ఎగిరాయి.

ఈ లెక్క మనకు దూరపుదేమీ కాదు. సుమారు 11,500 అడుగుల ఎత్తున ఉన్న లేహ్‌లో గాలి పీడనం సముద్ర మట్టంతో పోలిస్తే మూడింట రెండొంతులే. ఖర్దూంగ్ లా దగ్గరికి వచ్చేసరికి దాదాపు సగం. అక్కడ మామూలు ఇంజిన్ శక్తిలో సగం వరకూ పోగొట్టుకుంటుంది. టర్బో ఇంజిన్‌కి ఆ నష్టం చాలా తక్కువ, ఎందుకంటే పలచబడ్డ గాలిని టర్బో ఇంకాస్త వేగంగా తిరిగి కుదించగలదు. సూపర్‌ఛార్జర్ వేగం ఇంజిన్ వేగానికి కట్టుబడి ఉంటుంది కాబట్టి ఆ వెసులుబాటు దానికి లేదు.

తొక్కాక వచ్చే ఆలస్యం

మరి టర్బోతో ఇబ్బందే లేదా? ఉంది. అందరూ దాన్ని టర్బో ల్యాగ్ అంటారు గానీ, అందులో రెండు వేర్వేరు విషయాలు కలిసిపోయి ఉన్నాయి.

మొదటిది, ఇంజిన్ వేగం బాగా తక్కువగా ఉన్నప్పుడు టర్బైన్‌ను తిప్పేంత పొగే ఉండదు. ఎంత తొక్కినా, ఎంతసేపు ఆగినా ఆ వేగం దగ్గర బలం రాదు. రెండోది, సరిపడా పొగ ఉన్నా చక్రం ఒక్కసారిగా పూర్తి వేగం అందుకోలేదు. ఇంజిన్ నిమిషానికి ఆరు వేల సార్లు తిరిగేచోట టర్బో రెండు లక్షల సార్లు తిరగాలి. అక్కడికి చేరడానికి కొంత సమయం పడుతుంది. అసలైన ల్యాగ్ ఇది.

పదిహేనేళ్ల కిందటి డీజిల్ కార్లను తిరుమల ఘాట్ రోడ్డులో నడిపినవాళ్లకు మొదటి రకం బాగా తెలుసు. మలుపు దగ్గర వేగం తగ్గి, ఇంజిన్ 1,500 చుట్లకు పడిపోతే కారు మొరాయించేది. గేరు తగ్గించి 2,000 దాటించగానే వెనకనుంచి ఎవరో నెట్టినట్టు కదిలేది.

ఈ లోపాన్ని తగ్గించడానికి ఇంజినీర్లు చాలా చేశారు. టర్బైన్‌ను చిన్నది చేశారు. చిన్న చక్రం త్వరగా తిరుగుతుంది, ఒత్తిడి మరీ పెరిగినప్పుడు వేస్ట్‌గేట్ అనే తలుపు తెరుచుకుని అదనపు పొగను పక్కనుంచి పంపేస్తుంది. టర్బైన్ చుట్టూ కదిలే రెక్కలు పెట్టి, పొగ తక్కువున్నప్పుడు సందును ఇరుకు చేసే పద్ధతి కూడా వచ్చింది. తోట పైపు మూతిని వేలితో నొక్కితే నీళ్లు దూరంగా చిమ్మినట్టు, ఇరుకు సందులోంచి పొగ వేగంగా వచ్చి చక్రాన్ని తాకుతుంది. ఆడీ 2016లో ఎస్‌క్యూ7 డీజిల్ కారులో విద్యుత్‌తో తిరిగే కంప్రెసర్‌ను జోడించింది. ఫలితంగా నేటి చిన్న టర్బో పెట్రోల్ ఇంజిన్లు 1,500 చుట్ల దగ్గరే గరిష్ఠ టార్క్ అందుకుంటున్నాయి.

రెండింటినీ కలిపినవాళ్లూ ఉన్నారు. 2005లో ఫోక్స్‌వ్యాగన్ 1.4 లీటర్ల ఇంజిన్‌కి రెండూ బిగించి 170 హార్స్‌పవర్ రాబట్టింది. తక్కువ వేగంలో సూపర్‌ఛార్జర్ పని చేసేది, 3,500 చుట్లు దాటాక క్లచ్‌తో దాన్ని విడదీసి పనంతా టర్బోకి అప్పగించేవారు. చక్కగా నడిచేది కానీ భాగాలెక్కువ, ఖర్చెక్కువ. ఒక్క టర్బోతోనే దాదాపు అదే ఫలితం వచ్చే రోజులు రాగానే ఆ ఇంజిన్ తెరమరుగైంది.

వేడి అనే ఉమ్మడి శత్రువు

సైకిల్ పంపు కొట్టాక దాని అడుగు భాగం ముట్టుకుంటే కాలుతుంది. గాలిని కుదిస్తే వేడెక్కుతుంది. వేడెక్కిన గాలి పలచన అవుతుంది, అంటే కుదించిన శ్రమలో కొంత వృథా. పైగా పెట్రోల్ ఇంజిన్‌లో వేడి గాలి వల్ల మిశ్రమం స్పార్క్ రాకముందే, లేదా అదుపు తప్పి పేలుతుంది. దీన్నే నాకింగ్ అంటారు. ఇది పిస్టన్లను దెబ్బతీస్తుంది.

అందుకే రెండు పద్ధతుల్లోనూ గాలిని లోపలికి పంపేముందు ఇంటర్‌కూలర్‌తో చల్లబరుస్తారు. 1962లో అమెరికాలో టర్బోతో వచ్చిన తొలి కార్లలో ఒకటైన ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్‌లో నాకింగ్‌ను ఆపడానికి నీళ్లు, మిథనాల్ కలిపిన ద్రవాన్ని విడిగా ఒక ట్యాంకులో పోయాల్సి వచ్చేది. చాలామంది పోయడం మరిచిపోయేవారు. ఆ కారు రెండేళ్లు కూడా నిలవలేదు.

డీజిల్‌కి ఈ తలనొప్పి లేదు. అందులో ముందు గాలి మాత్రమే కుదించుకుంటుంది, ఇంధనం చివర్లో పడుతుంది. గాలి ఎంత ఎక్కువుంటే అంత మేలు. పొగ కూడా పెట్రోల్ పొగంత వేడిగా ఉండదు. అందుకే టర్బోకి సహజమైన జోడీ డీజిల్ ఇంజిన్ అయింది. 1,489 సీసీల పాత అంబాసిడర్ డీజిల్ 40 హార్స్‌పవర్ కూడా ఇచ్చేది కాదు. 2007లో స్విఫ్ట్‌లోకి వచ్చిన 1,248 సీసీ ఫియట్ టర్బో డీజిల్ 75 హార్స్‌పవర్ ఇచ్చింది. కామన్‌రైల్ ఇంజెక్షన్ కూడా అందుకు తోడ్పడిందనుకోండి.

మన దేశంలో టర్బోయే ఎందుకు గెలిచింది?

దీనికి జవాబు సగం ఇంజినీరింగ్‌లో, సగం పన్నుల్లో ఉంది. 2006 కేంద్ర బడ్జెట్‌లో చిన్న కార్లకు ఎక్సైజ్ సుంకాన్ని 24 నుంచి 16 శాతానికి తగ్గించారు. చిన్న కారు అంటే పొడవు నాలుగు మీటర్లు మించకూడదు, పెట్రోల్ ఇంజిన్ 1,200 సీసీ, డీజిల్ ఇంజిన్ 1,500 సీసీ దాటకూడదు. జీఎస్‌టీ వచ్చాక కూడా ఆ గీతలు చెరగలేదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఆ గీత లోపలి కార్లకు 18 శాతం, దాటినవాటికి 40 శాతం పన్ను.

గమనించాల్సిందేమంటే ఈ పన్ను ఇంజిన్ పరిమాణాన్ని కొలుస్తుంది, శక్తిని కొలవదు. 83 హార్స్‌పవర్ ఇచ్చే 1.2 లీటర్ల ఇంజిన్‌కీ, 120 ఇచ్చే 1.0 లీటర్ టర్బోకీ ఒకటే రేటు. టాటా నెక్సాన్, మహీంద్రా ఎక్స్‌యూవీ 3ఎక్స్‌ఓ, మారుతి ఫ్రాంక్స్ వంటి కార్లలో 1.0, 1.2 లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజిన్లు కనిపించడం వెనుక ఈ లెక్క ఉంది.

ఆ మాటకొస్తే సూపర్‌ఛార్జర్‌తో కూడా చిన్న ఇంజిన్‌కి బలం తేవచ్చు. కానీ 2017-18 నుంచి ప్రతి కంపెనీ తాను అమ్మే కార్ల సగటు ఇంధన వినియోగాన్ని ప్రభుత్వం పెట్టిన పరిమితికి లోబడి ఉంచాలి. అక్కడ ప్రతి బొట్టూ లెక్కే. ఇంజిన్ బలాన్ని తినే పంపు కన్నా, పారేసే వేడిని వాడుకునే చక్రమే కంపెనీలకు నచ్చింది. చెన్నై దగ్గరి ఒరగడంలో తయారై యూరప్‌కి ఎగుమతి అయిన నిస్సాన్ మైక్రాల్లో 1.2 లీటర్ల సూపర్‌ఛార్జర్ రకం ఉండేది. అదే మైక్రా ఇక్కడి కొనుగోలుదారుకు ఆ ఇంజిన్‌తో ఎప్పుడూ అందలేదు. నేడు సూపర్‌ఛార్జర్ ఖరీదైన స్పోర్ట్స్ కార్లకు, కొన్ని పెద్ద ఎస్‌యూవీలకు పరిమితమైంది.

కొనేవాళ్లు తెలుసుకోవాల్సింది

టర్బో కారు మైలేజీ నడిపేవాడి పాదం మీద ఆధారపడుతుంది. నెమ్మదిగా నడిపితే అది ఒక లీటర్ ఇంజిన్‌లా తాగుతుంది. పదేపదే గట్టిగా తొక్కితే లీటరున్నర ఇంజిన్‌లా తాగుతుంది. ఎక్కువ గాలి వెళ్తే ఎక్కువ పెట్రోల్ వెళ్లాల్సిందే కదా. బ్రోషర్‌లో రాసిన అంకెకూ, రోడ్డు మీద వచ్చే అంకెకూ మధ్య దూరం మామూలు ఇంజిన్‌లో కన్నా టర్బోలో ఎక్కువ కనిపించడానికి ప్రధాన కారణం ఇదే. రోజూ ఊళ్లో పది కిలోమీటర్ల ట్రాఫిక్‌లో తిరగడమే పనైతే మామూలు ఇంజిన్ చాలు. తరచూ హైవే ప్రయాణం, నిండా మనుషులు, ఘాట్ రోడ్లు ఉంటే టర్బోకి పెట్టిన అదనపు డబ్బుకు ఫలితం ఉంటుంది.

రెండో విషయం ఇంజిన్ ఆయిల్. టర్బో ఇరుసు పలుచని ఆయిల్ పొర మీద తేలుతూ తిరుగుతుంది. పెట్రోల్ కార్లలో టర్బైన్‌ను తాకే పొగ వేడి 900 డిగ్రీల సెల్సియస్ దాటవచ్చు. ఆయిల్ పాతబడినా, మట్టం తగ్గినా, కంపెనీ చెప్పిన రకం కాకుండా చౌకరకం పోసినా ముందుగా దెబ్బతినేది టర్బోయే. మామూలు ఇంజిన్ మన్నించే నిర్లక్ష్యాన్ని టర్బో మన్నించదు. టర్బో పోతే ఖర్చు వేలల్లో మొదలై, కారును బట్టి లక్ష దాటవచ్చు. పొద్దున్నే స్టార్ట్ చేయగానే గట్టిగా తొక్కకూడదు. హైవే మీద వేగంగా వచ్చి దాబా దగ్గర ఆపినప్పుడు అర నిమిషం, నిమిషం ఇంజిన్‌ను అలాగే నడవనిచ్చి ఆపాలి. వెంటనే ఆపేస్తే ఆయిల్ ప్రవాహం ఆగిపోయి, వేడిచక్రం దగ్గర మిగిలిన ఆయిల్ మాడి మసిగా గట్టిపడుతుంది. ఇప్పటి చాలా టర్బోలకు నీటితో చల్లబరిచే ఏర్పాటు ఉంది గానీ ఈ అలవాటు వల్ల నష్టమేమీ లేదు.

మూడోది, సెకండ్ హ్యాండ్ కారు. టర్బో బండి కొనేటప్పుడు ఓడోమీటర్ అంకె కన్నా ఆయిల్ మార్చిన బిల్లులు ఎక్కువ నిజం చెబుతాయి. సైలెన్సర్‌లోంచి నీలం పొగ, తొక్కినప్పుడు ఈలలాంటి కొత్త శబ్దం, ఎత్తు ఎక్కేటప్పుడు బలం లేకపోవడం కనిపిస్తే నమ్మకమైన మెకానిక్‌కి చూపించకుండా అడ్వాన్స్ ఇవ్వకూడదు.

సూపర్‌ఛార్జర్ తన పనికి కూలి అప్పటికప్పుడే పెట్రోల్‌లో వసూలు చేసుకుంటుంది. టర్బో ఆ కూలిని వృథా వేడి నుంచి రాబట్టుకుంటుంది గానీ, మంచి ఆయిల్‌నూ కాస్త ఓపికనూ మన నుంచి అడుగుతుంది. కారు వెనుక ‘టర్బో’ అన్న అక్షరాలు చూసి మురిసిపోయే ముందు, ఆ రెండూ ఇవ్వగలమా అని ఒకసారి అనుకోవడం మంచిది.